నాన్న లెక్కల పుస్తకంలో చదవలేని మూడు పంక్తులు

మా నాన్న తపాలా శాఖలో 34 ఏళ్ళు పనిచేసి, పదవీ విరమణ తరువాత హిందూపురంలో ఉంటున్నారు. ఏ ఖర్చు చేసినా మిగిలిన చిల్లర జేబులో వేసుకోకముందే లెక్కల పుస్తకంలో రాసేయడం ఆయనకు ఉద్యోగం నేర్పిన అలవాటు. ఆయన దస్తూరి ముత్యాల కోవలా ఉంటుంది. మా చిన్నతనంలో మనియార్డరు ఫారాలు నింపించుకోవడానికి వీధిలో వాళ్ళంతా ఆదివారం కూడా మా అరుగు మీదికి వచ్చేవారు. అటువంటి ఆయన పుస్తకంలో, పోయిన సంవత్సరపు పేజీల మధ్య, మూడు పంక్తులు మాత్రం ఎవరికీ అంతుబట్టవు. అక్షరాలు గీత వదిలి కిందికి జారిపోయాయి, అంకెలు కోడి కెలికినట్టు ఉన్నాయి. నాలుగో పంక్తి నుంచి మళ్ళీ ఎప్పటి దస్తూరే. ఆ మూడు పంక్తులు రాసిన 17 రోజులకు, బెంగళూరు రామమూర్తినగర్‌లోని మా ఇంట్లో, ఆయనకు పక్షవాతం వచ్చింది.

రాబోతున్న ప్రమాదం తన రాకను మాకు రాతపూర్వకంగానే తెలియజేసింది. చదవడం మాకు రాలేదు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. నేను వైద్యురాలిని కాను, ఉన్నత పాఠశాలలో గణితం చెప్పే ఉపాధ్యాయురాలిని. అయితే గడచిన ఏడాదిగా ఈ వ్యాధి గురించి వైద్యులను అడిగి, చదివి, సరిచూసుకుని తెలుసుకున్నది చాలా ఉంది. అందులో తెలుగు ఇళ్ళలో తప్పక తెలిసి ఉండవలసినదాన్ని మా ఇంట్లో జరిగినదానితో కలిపి చెబుతాను.

ఆ ఆదివారం ఉదయం నేను ఏడు గంటలకు లేచి హాల్లోకి వచ్చేసరికి నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నారు, పేపరు ఒళ్ళో ఉంది. కాఫీ తెమ్మంటారా అని అడిగితే నా వైపు చూశారు కానీ జవాబు చెప్పలేదు. రెండోసారి అడిగితే ఏదో అన్నారు, అది మాటలా లేదు. పూజ ముగించుకుని వచ్చిన అమ్మ ఆయన కుడిచేయి పట్టుకుని చూసి, "రాత్రి ఒక పక్కనే పడుకొంటిరేమో, చెయ్యి మొద్దుబారినట్టుంది" అంది. నాకూ అలాగే అనిపించింది. ముందురోజు హిందూపురం నుంచి రైల్లో వచ్చిన బడలిక అనుకున్నాము, రాత్రి తిన్నది అరగక గ్యాస్ పట్టిందనుకున్నాము, బీపీ తగ్గిందేమో అనుకున్నాము. అమ్మ జీలకర్ర వేసి కాచిన నీళ్ళు తాగిస్తే రెండు గుక్కలకే పొరమారి విపరీతంగా దగ్గారు. నేను కొబ్బరినూనె వేడిచేసి అరచేతులూ పాదాలూ రుద్దాను. ఆయనకు ఎక్కడా నొప్పి లేదు, చెమట పట్టలేదు, ఆయాసం లేదు. నొప్పి లేని మనిషిని ఆసుపత్రికి పరుగెత్తించాలని ఎవరికీ తోచలేదు. ఇలా గంటకు పైగా గడిచిపోయింది.

ఎనిమిదిన్నరకు దగ్గరలోని ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్ళాము. చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చిన పెద్దవయసు ఆయమ్మ నాన్న ముఖం చూడగానే కన్నడంలో "లక్వ హొడెదిదె" (పక్షవాతం కొట్టింది) అంది. లోపల మాత్రం ముందు ఈసీజీ తీశారు, గుండె బాగానే ఉంది కాబట్టి కంగారు పడవద్దన్నారు, సెలైన్ ఎక్కించడం మొదలుపెట్టారు. అక్కడ సీటీ స్కాన్ లేదని మాకు తెలిసేసరికి తొమ్మిది దాటింది. పెద్ద ఆసుపత్రికి చేరినప్పుడు గడియారం 9:50 చూపుతోంది. అక్కడి అత్యవసర విభాగంలో యువ వైద్యుడు ఒకరు నాన్నను చూసిన నిమిషంలోనే ఒకే ప్రశ్న అడిగారు. "ఈయన మామూలుగా ఉండగా మీలో ఎవరైనా చివరిసారి చూసింది ఎన్ని గంటలకు?"

అమ్మ రాత్రి పది గంటలు అంది, నేనూ అదే చెప్పాను, ఎందుకంటే ఉదయం ఏడు లోపల ఆయనను ఎవరమూ పలకరించలేదు. వైద్యుడు కాగితం మీద రాత్రి పది అని రాసుకున్నారు. ఆ లెక్క ప్రకారం అప్పటికి దాదాపు 12 గంటలు గడిచిపోయాయి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. ఎప్పుడు మొదలైందో తెలియనప్పుడు, మనిషి చివరిసారిగా బాగున్నట్టు తెలిసిన సమయం నుంచే లెక్కపెడతారు. ఎంఆర్ఐ చిత్రాలను బట్టి దెబ్బ ఎంత కొత్తదో అంచనా వేసి ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి 2018లో వెలువడిన పరిశోధనల తరువాత వాడుకలోకి వచ్చింది. ఆ పూట అక్కడ ఆ యంత్రం మరమ్మతులో ఉంది. నాన్నకు ఆ ఇంజెక్షన్ పడలేదు.

మూడో రోజు బట్టల కోసం ఇంటికి వచ్చినప్పుడు బల్ల మీద లెక్కల పుస్తకం తెరిచే ఉంది. ఆదివారం తేదీ వేసి, "పాలు, రెండు పాకెట్లు" అని, ఇచ్చిన నోటు, తిరిగి వచ్చిన చిల్లర, అన్నీ ఎప్పటి దస్తూరిలోనే రాసి ఉన్నాయి. కింద నందిని పాల బూత్ అతణ్ణి అడిగితే, తాత ఆరుంబావుకు వచ్చారనీ, చిల్లర విషయమై నవ్వుతూ మాట్లాడి మెట్లెక్కి వెళ్ళారనీ చెప్పాడు. అంటే 6:15కు ఆయన మాట, చెయ్యి, నడక అన్నీ సరిగ్గా ఉన్నాయి. 9:50కి గడచినది 3 గంటల 35 నిమిషాలు మాత్రమే. ఆ ఉదయం పాలపాకెట్లు వంటగది గట్టు మీద మా కళ్ళ ముందే ఉన్నాయి, మా అబ్బాయి తెచ్చాడనుకుని ఎవరమూ వాటి గురించి ఆలోచించలేదు. ఇంజెక్షన్ పడి ఉంటే ఏమయ్యేదో ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు, అందరికీ ఒకేలా పనిచేయదు. ఆ అవకాశం మాత్రం ఆయనకు దక్కి ఉండేది. అందువల్ల లక్షణాల కంటే ముందు నేను అందరికీ చెప్పేది ఈ సమయం సంగతే: ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే గడియారం చూసి వేళ రాసుకోండి, ఆయన చివరిగా ఎవరితో మాట్లాడారో ఆరా తీయండి, పాలవాడినీ వాచ్‌మన్‌నూ పనిమనిషినీ కూడా అడగండి, ఫోనులో చివరి కాల్ ఎప్పుడు చేశారో చూడండి.

నిమిషాలకు ఇంత విలువ ఎందుకో కొద్దిగా వివరిస్తాను. మెదడు తన దగ్గర ఆహారాన్నీ ప్రాణవాయువునూ నిలవ ఉంచుకోదు, రక్తం ఆగిన చోట కణాలు వెంటనే దెబ్బతినడం మొదలవుతుంది. పెద్ద రక్తనాళం పూడుకుపోయి చికిత్స అందకపోతే సగటున నిమిషానికి 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో ఒక అమెరికన్ వైద్యుడు లెక్కగట్టారు. గంటకు అది 11 కోట్లు దాటుతుంది. మెదడులో ఉన్నవి దాదాపు 8,600 కోట్లు కదా అని ధైర్యం చెప్పుకోవడానికి లేదు, ఎందుకంటే పోయేవి అన్ని చోట్ల నుంచీ కొంచెం కొంచెంగా పోవు. మాటకు సంబంధించిన చోట పోతే మాటే పోతుంది. గడ్డ చుట్టూ ఉన్న భాగంలో కొన్ని కణాలు మూర్ఛపోయినట్టు పనిచేయడం మానేసి, ఇంకా చావకుండా ఉంటాయి. చికిత్స అంతా ఆ కొనఊపిరితో ఉన్న భాగాన్ని కాపాడటానికే. గడ్డ కరిగించే మందు మూడు గంటల లోపల ఇస్తే మేలు చేస్తుందని 1995లో అమెరికాలో రుజువైంది, ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది 2008లో. తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టాన్ని మెదడు దాకా పంపి గడ్డను బయటికి లాగే పద్ధతి 2015 నుంచి నిలదొక్కుకుంది. పెద్ద నాళాలు మూసుకుపోయినవారిలో, స్కాన్ అనుకూలంగా ఉంటే, 24 గంటల వరకూ దాన్ని చేయవచ్చని 2018 నాటికి తేలింది. కాబట్టి ఆలస్యమైపోయిందని ఇంట్లోనే నిర్ణయించుకుని ఆగిపోకూడదు. నాన్నకు మూసుకున్నది చిన్న శాఖ కావడంతో ఆ దారి ఆయనకు వర్తించలేదు.

ఇంత స్పష్టంగా ఉన్న సంగతి మా ఇంట్లో ఐదుగురిలో ఒక్కరికీ ఎందుకు తోచలేదని తరువాత చాలా ఆలోచించాను. మన మాటల్లోనే కొంత కారణం ఉందనిపిస్తుంది. పక్షవాతం అంటే ఒక పక్కను పట్టుకున్న వాతం. ఆ పేరు వినగానే మన చూపు చేతి మీదికీ కాలి మీదికీ పోతుంది, తైలం, కాపడం, మర్దనం గుర్తుకొస్తాయి. తల గుర్తుకు రాదు. వాతం అంటే నెమ్మదిగా ముదిరే జబ్బన్న భావన కూడా మనకు ఉంది. లక్వా అన్న మాటను కొందరు మూతి వంకరకు మాత్రమే వాడతారు. స్ట్రోక్ అంటే మన వాళ్ళలో చాలామంది గుండెపోటు అనుకుంటారు, "హార్ట్ స్ట్రోక్ వచ్చింది" అనడం రోజూ వింటూనే ఉన్నాము. అందుకే ముందు ఈసీజీ తీయించుకుని, అది బాగుంటే ఊపిరి పీల్చుకుంటాము. ఈసీజీ గుండె సంగతి చెబుతుంది, మెదడులో రక్తం ఆడుతున్నదో లేదో దాన్ని చూసి చెప్పలేము. పక్షవాతం అన్నది మెదడులో రక్తనాళం పూడుకుపోవడం వల్లనో చిట్లిపోవడం వల్లనో వచ్చే ఉపద్రవం, చేయీ కాలూ పడిపోవడం దాని ఫలితం. పూడుకుపోవడమే ఎక్కువమందిలో జరుగుతుంది, చిట్లడం తక్కువమందిలో.

గుర్తుపట్టడానికి మొదటి ఆధారం "ఉన్నట్టుండి" అన్న మాట. మోకాలి నొప్పిలా, చూపు మందగించడంలా రోజురోజుకూ పెరిగేది కాదు ఇది. ఇంతకుముందు బాగున్న మనిషి ఇప్పుడు బాగాలేరు, మధ్యలో గీత గీసినట్టు తెలుస్తుంది. రెండో ఆధారం సాధారణంగా ఒక పక్కనే రావడం. మూడోది, నొప్పి లేకపోవడం. గుండెపోటులో మనిషి ఛాతీ పట్టుకుని బాధ చెప్పుకుంటాడు, ఇక్కడ చాలాసార్లు నెమ్మదిగా కూర్చుని ఉంటాడు. మా నాన్న ముఖంలో ఆందోళన కూడా కనిపించలేదు, అదే మమ్మల్ని మోసగించింది.

పరీక్షించే పద్ధతిని ఇంగ్లీషులో FAST అనే నాలుగు అక్షరాలతో చెబుతారు, బ్రిటన్‌లో 1990ల చివర అంబులెన్స్ సిబ్బంది కోసం రూపొందించినది అది. నేను మా పాఠశాలలో పిల్లలకు మూతి, చేయి, మాట, వేళ అని చెబుతున్నాను. నవ్వండి అంటే మన పెద్దవాళ్ళు నవ్వరు, ఆ కంగారులో అసలు నవ్వరు. "ఈ... అనండి, పళ్ళు చూపించండి" అంటే చూపిస్తారు. ఒక పక్క పెదవి కదలక మూతి రెండో పక్కకు లాగినట్టు కనిపిస్తే అది గుర్తు. కళ్ళు మూసుకుని రెండు చేతులూ అరచేతులు పైకి ఉండేలా ముందుకు చాపమని పది అంకెలు లెక్కపెట్టాలి. చేయి పూర్తిగా పడిపోనక్కరలేదు. ఒక చేయి నెమ్మదిగా లోపలికి తిరుగుతూ కిందికి జారితే చాలు. నాన్న కుడిచేయి అమ్మ పట్టుకున్నప్పుడు పిడికిలి బిగించగలిగారు కాబట్టి అది మొద్దుబారడమే అనుకున్నాము, చాపమని అడిగి ఉంటే తెలిసిపోయేది.

మాట సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇళ్ళలో ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మాట పోవడం రెండు విధాలుగా ఉంటుంది. ఒకటి, నాలుక మందమై మాట ముద్దముద్దగా రావడం, తాగినవాడి మాటలా ఉండటం. ఇది అందరూ పట్టుకోగలరు. రెండోది, నాలుక బాగానే ఉండి మాట దొరకకపోవడం. చెంబు అనబోయి చెప్పు అంటారు, మనుమడి పేరు రాదు, మనం అడిగింది అర్థం కాక వేరేదో చెబుతారు, లేదా అర్థమే లేని మాటలు ధారాళంగా మాట్లాడుతారు. పెద్దవయసులో ఇలా జరిగితే మతిమరుపు అనో చాదస్తం అనో సరిపెట్టుకునే ప్రమాదం ఉంది. మతిమరుపు ఏళ్ళ మీద వస్తుంది, ఇది నిమిషంలో వస్తుంది. చిన్న వాక్యం ఒకటి చెప్పి తిరిగి అనమనండి. ఇంట్లో ఉన్న ఏదైనా వస్తువును చూపించి దాని పేరు అడగండి. ఎక్కువమందిలో భాషకు స్థానం మెదడు ఎడమ సగంలో ఉంటుంది, ఆ సగమే కుడిచేతినీ కుడికాలినీ నడిపిస్తుంది, అందుకే కుడిపక్క పడినవారిలో మాట పోవడం తరచుగా చూస్తాము.

మూతి, చేయి, మాట మూడూ సరిగ్గా ఉన్నా పక్షవాతం కాదని తేల్చడానికి లేదు. అమెరికాలో 2017లో వెలువడిన ఒక పరిశీలనలో, ఈ మూడింటితో మాత్రమే చూస్తే నూటికి 14 మంది రోగులు తప్పిపోయారనీ, తూలడాన్నీ చూపునూ కలిపితే ఆ సంఖ్య నాలుగు దగ్గరికి తగ్గిందనీ తేలింది. మెదడు వెనుక భాగానికి రక్తం అందనప్పుడు ఉన్నట్టుండి తల తిరగడం, వాంతులు, ఒక వస్తువు రెండుగా కనిపించడం, పట్టుకోనిదే నిలబడలేకపోవడం వంటివి వస్తాయి. మనం వాటిని పైత్యం అంటాము, నిమ్మరసం ఇస్తాము. తల తిరిగిన ప్రతివారికీ పక్షవాతం కాదు, అయితే తల తిరగడంతో పాటు సాయం లేకుండా కూర్చోలేకపోయినా, నడిస్తే ఒక పక్కకు ఒరిగిపోతున్నా, చూపు రెండుగా ఉన్నా, మింగుడు పడకపోయినా ఆలోచిస్తూ కూర్చోకూడదు. ఒక కంటికి తెర దించినట్టు చీకటి కమ్మి కొన్ని నిమిషాలకు తొలగిపోవడం మెడలోని రక్తనాళం పంపే సంకేతం కావచ్చు. జీవితంలో ఎన్నడూ ఎరగనంత తీవ్రమైన తలనొప్పి, పిడుగు పడ్డట్టు ఒక్క క్షణంలో వస్తే రక్తనాళం చిట్లి ఉండవచ్చు.

కుడి మెదడు దెబ్బతిన్నవారిలో మరొక చిత్రమైన సంగతి ఉంటుంది. ఎడమచేయి కదలడం లేదన్న ఎరుకే వారికి ఉండకపోవచ్చు. "నాకేం కాలేదు, ఊరికే ఎందుకు గోల చేస్తారు" అని గట్టిగా అంటారు. మెదడులో దెబ్బ తిన్నచోటు అది కాబట్టి అలా అంటారు, మొండితనం వల్ల కాదు. అటువంటప్పుడు రోగి మాట వినకుండా తీసుకెళ్ళడమే దయ.

బాలింతల గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. పుట్టింటికి వచ్చిన బాలింతకు నీళ్ళు ఎక్కువ ఇవ్వకూడదన్న పథ్యం మన ఇళ్ళలో ఇంకా ఉంది. కాన్పు తరువాతి వారాల్లో రక్తం గడ్డకట్టే స్వభావం సహజంగానే పెరిగి ఉంటుంది, ఒంట్లో నీరు తగ్గితే అది మరీ ప్రమాదం. మెదడులోని సిరల్లో గడ్డ ఏర్పడితే రోజుల తరబడి పెరిగే తలనొప్పి, వాంతులు, ఫిట్స్, ఆ తరువాత చేయీ కాలూ పడిపోవడం కనిపిస్తాయి. ఇరవై రెండేళ్ళ పిల్లకు పక్షవాతం ఏమిటని కొట్టిపారేయకండి, గాలి సోకిందని తాయెత్తు కట్టకండి. సమయానికి గుర్తిస్తే బాగా కోలుకునే రకం ఇది.

ఆ ఉదయం మేము చేసిన పనుల్లో ఏవి ఎందుకు తప్పో తరువాత తెలిసింది. పక్షవాతంలో మింగే కండరాలు కూడా దెబ్బతింటాయి, ఇచ్చిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. అమ్మ ప్రేమతో తాగించిన జీలకర్ర నీళ్ళకు నాన్న దగ్గింది అందుకే. కాఫీ, కొబ్బరినీళ్ళు, మాత్ర, తులసి తీర్థం ఏదీ నోట్లో పోయకూడదు. గుండెపోటుకు ఆస్పిరిన్ నమలమని చెబుతారు కాబట్టి దీనికీ అదే ఇద్దామనుకునేవారు ఉన్నారు. లోపల నాళం చిట్లి ఉంటే ఆ మాత్ర రక్తస్రావాన్ని పెంచుతుంది, పూడిందో చిట్లిందో స్కాన్ తీయకుండా ఎంత పెద్ద వైద్యుడూ చెప్పలేడు. బీపీ యంత్రంలో 190 కనిపించగానే అదనంగా ఒక మాత్ర వేసే అలవాటు కూడా మనకు ఉంది. పూడుకున్న చోటికి రక్తాన్ని నెట్టడానికి శరీరం తానే ఒత్తిడి పెంచుకుంటుంది, దాన్ని ఒక్కసారిగా దించితే కొనఊపిరితో ఉన్న భాగం కూడా చచ్చిపోవచ్చు. షుగర్ ఉన్నవారిలో చక్కెర బాగా పడిపోయినా అచ్చం ఇలాగే కనిపించవచ్చు, ఇంట్లో యంత్రం ఉంటే అర నిమిషంలో చూసి ఆ అంకెను వైద్యుడికి చెప్పండి, దాని కోసం ప్రయాణం ఆపకండి. ఫిట్స్ కానీ వాంతులు కానీ ఉంటే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఇంట్లో చేయవలసినది ఇంతే.

ఇప్పుడు ఆ మూడు పంక్తుల దగ్గరికి వస్తాను, నా మనసు ఎక్కువగా ఉండేది అక్కడే. ఆసుపత్రిలో ఉండగా అమ్మకు గుర్తొచ్చింది. రెండు వారాల కిందట హిందూపురంలో ఒక సాయంత్రం బజారు నుంచి వచ్చి రాసుకుంటూ, "కలం పట్టు తప్పుతోంది, చెయ్యి నాది కానట్టుంది" అన్నారట. ఆమె లేచి దగ్గరికి వెళ్ళేలోపలే, ఐదారు నిమిషాల్లో, అంతా సర్దుకుందట. మరునాడు పుస్తకంలో ఆ పేజీ ఎవరూ తిప్పి చూడలేదు. దీన్ని మినీ స్ట్రోక్ అంటారు. మెదడులోకి వెళ్ళిన చిన్న గడ్డ దానంతట అదే కరిగిపోయి రక్తం మళ్ళీ ఆడటం వల్ల లక్షణాలు తగ్గిపోతాయి. ఎక్కువసార్లు గంటలోపలే తగ్గుతాయి. తగ్గిపోవడమే ఇందులో ఉన్న ప్రమాదం, ఎందుకంటే తగ్గిన జబ్బుకు మనం వైద్యుడి దగ్గరికి పోము.

2000 సంవత్సరంలో వెలువడిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో, ఇలా వచ్చి తగ్గినవారిలో నూటికి 10 మందికి పైగా 90 రోజుల లోపల పూర్తి పక్షవాతానికి గురయ్యారనీ, వారిలో సగం మందికి అది మొదటి రెండు రోజుల్లోనే జరిగిందనీ తేలింది. 2007లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు ఇటువంటివారికి ఆలస్యం లేకుండా పరీక్షలూ మందులూ మొదలుపెడితే ఆ ముప్పు 80 శాతం దాకా తగ్గుతుందని చూపించారు. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాన్నకు మెడలో ఎడమవైపు ధమని నూటికి 80 వంతులు ఇరుకైపోయిందని స్ట్రోక్ తరువాత తీసిన స్కాన్‌లో తెలిసింది. లక్షణాలు చూపిన ధమని 70 శాతానికి మించి ఇరుకైతే శస్త్రచికిత్స చేసి శుభ్రపరచడం మేలని 1991 నుంచే తెలిసిన విషయం, అదీ మొదటి లక్షణం కనబడిన రెండు వారాల్లో చేస్తే ఎక్కువ ప్రయోజనం. మాకు ఆ రెండు వారాలూ ఉన్నాయి. హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్లే. శస్త్రచికిత్స ఆయనకు చివరికి జరిగింది, కానీ మాట పోయిన తరువాత జరిగింది.

చేయి ఐదు నిమిషాలు పట్టు తప్పి సర్దుకుందని, మాట కాసేపు తడబడి బాగైందని, ఒక కన్ను క్షణం సేపు చీకటైందని మీ ఇంట్లో ఎవరైనా అంటే, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. రేపటికి వాయిదా వేయదగిన జబ్బు కాదు అది. సీటీ స్కాన్ మామూలుగా ఉందన్నంత మాత్రాన తిరిగి రావద్దు, మొదటి గంటల్లో సీటీలో ఏమీ కనబడకపోవడం సాధారణమే. ఎంఆర్ఐ, మెడ రక్తనాళాల స్కాన్, గుండె లయ తప్పుతోందేమో చూసే పరీక్ష అవసరమా అని అడగండి.

బెంగళూరులో ఉన్న మనవాళ్ళు ఎక్కడికి వెళ్ళాలన్నది ముందుగానే తెలుసుకుని ఉండాలి. మీ ఇంటికి దగ్గరలో ఉన్న రెండు మూడు పెద్ద ఆసుపత్రులకు తీరిక ఉన్న రోజున ఫోను చేసి అడగండి: సీటీ స్కాన్ రాత్రింబగళ్ళు పనిచేస్తుందా, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారా, నాడీ వైద్యులు రాత్రివేళ అందుబాటులో ఉంటారా. నేను మా వీధి కోసం ఈ పని చేసి మా అపార్ట్‌మెంట్‌లో అందరికీ పంపాను. దగ్గరి నర్సింగ్ హోమ్‌లో ముందు చూపించి తరువాత పెద్ద చోటికి వెళదామన్న ఆలోచన మాకు గంటకు పైగా ఖర్చు చేయించింది. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్, 1974లో రెండు పాత సంస్థలను కలిపి ఏర్పరచినది, మానసిక వైద్యానికే అనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. అక్కడ నాడీ వైద్యమూ మెదడు శస్త్రచికిత్సా కూడా ఉన్నాయి, అత్యవసర విభాగం ఉంది. అయితే రామమూర్తినగర్ నుంచి పనిదినం సాయంత్రం అక్కడికి చేరడం ఎంతసేపో బెంగళూరులో ఉన్నవారికి చెప్పనక్కరలేదు, అందుకే దగ్గరలో ఇంజెక్షన్ ఇవ్వగల చోటేదో తెలిసి ఉండాలంటున్నాను. 108కి ఫోను చేసినప్పుడు "కళ్ళు తిరిగి పడిపోయారు" అనకుండా "పక్షవాతం లక్షణాలు, ఫలానా సమయానికి మొదలయ్యాయి" అని చెప్పండి. దారిలో నుంచే ఆసుపత్రికి కూడా అదే చెప్పించండి. వాడుతున్న మందుల చీటీ వెంట పెట్టుకోండి, రక్తం పలచబడే మందు వాడుతుంటే అది తప్పక చెప్పాలి.

నాన్న వార్డులో ఉండగానే బంధువులు వచ్చి చిత్తూరు వైపు ఆకుపసరు మందు ఇచ్చే ఊళ్ళ గురించి చెప్పారు, పావురం రక్తంతో మర్దన చేస్తే చేయి లేస్తుందని ఒక పెద్దాయన నమ్మకంగా అన్నారు. అందరూ మా మేలు కోరినవారే. పక్షవాతం వచ్చినవారిలో చాలామందికి మొదటి కొన్ని నెలల్లో మెదడు తనంత తాను కొంత సర్దుకుంటుంది, ఆ బాగు ఆ వేళకు వాడుతున్న మందు ఖాతాలో పడుతుంది. అసలు చిక్కు తెచ్చేది ఆ మొదటి గంటల్లో కారు స్కాన్ ఉన్న చోటికి కాకుండా పసరు ఉన్న ఊరికి తిరగడమే. మేము ఫిజియోథెరపీనీ మాటల శిక్షణనూ పట్టుకున్నాము. ఎనిమిది నెలలుగా వారానికి నాలుగు రోజులు ఒక అమ్మాయి వచ్చి నాన్నకు అక్షరాల అట్టలు చూపించి పలికిస్తోంది. కుడికాలు కోలుకుని ఇంట్లో నడుస్తున్నారు. కుడిచేయి ఇంకా పూర్తిగా లొంగలేదు. మాట వస్తోంది, వెతుక్కుంటూ వస్తోంది.

పోయిన నెల నేను ఆ పాత పుస్తకం తెచ్చి ఆ పేజీ ఆయన ముందు పెట్టాను. చాలాసేపు చూశారు. మొదటి పంక్తి మీద వేలుంచి, "మందులు" అన్నారు, అంకె కూడా చెప్పారు. రెండోది "ఆటో" అన్నారు. మూడో పంక్తి దగ్గర వేలు అటూ ఇటూ జరిపి తల అడ్డంగా ఊపారు. తరువాత ఆ పుస్తకం నాకిచ్చేసి, కొత్త పుస్తకం తెరిచి, ఎడమచేత్తో కలం పట్టుకుని ఆనాటి పాల లెక్క రాయడం మొదలుపెట్టారు.